శాలువా కప్పే ముందు రాధాకృష్ణన్ గారి కథ ఒకసారి

సర్వేపల్లి రాధాకృష్ణన్ మాంచెస్టర్‌లో ఉపన్యాసాలు ఇచ్చారన్న సంగతి ఇక్కడుంటున్న తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. 1929 చివర్లో, 1930 మొదట్లో ఆయన హిబ్బర్ట్ ఉపన్యాసాల కోసం ఇంగ్లండ్ వచ్చి, మాంచెస్టర్‌లోనూ లండన్‌లోనూ మాట్లాడారు. ఆ ఉపన్యాసాలే 1932లో ‘యాన్ ఐడియలిస్ట్ వ్యూ ఆఫ్ లైఫ్’ అనే పుస్తకంగా వచ్చాయి. సరిగ్గా ఆ చలికాలంలోనే అక్కడ లాహోర్‌లో కాంగ్రెస్ సంపూర్ణ స్వరాజ్యం కావాలని తీర్మానం చేసింది. ఇక్కడ లాంకషైర్ నూలు మిల్లులు గిరాకీ లేక కుంటుతున్నాయి. ఇలాంటి సమయంలో తలపాగా, పొడవాటి కోటుతో వచ్చిన ఒక తెలుగు మాస్టారు ఈ ఊరి శ్రోతలకు మనిషి ఆత్మ గురించి చెప్పారు.

నేను ఈ ఊరికి వచ్చి పదిహేనేళ్లు దాటింది. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. శనాదివారాల్లో తెలుగు సంఘం పనులు. పేరు చెప్పడం ఎందుకులెండి, ఏ ఊళ్లో ఏ సంఘమైనా దాదాపు ఇంతే. ఈ ఏడాది కమిటీలో నాకు అప్పగించిన పని వేదిక మర్యాదలు. అంటే ఎవరిని ఎప్పుడు పిలవాలి, ఎవరికి ఎవరు శాలువా కప్పాలి, ఎవరి పేరు ముందు ఏం తగిలించాలి అన్నవి చూడటం. మా వృత్తిలో ప్రోటోకాల్ అంటే రెండు మెషీన్లు గొడవ పడకుండా మాట్లాడుకోవడానికి ముందే చేసుకున్న ఒప్పందం. వేదిక మీద మనుషులకు అలాంటి ఒప్పందం ఏదీ లేదని నాకు త్వరగానే అర్థమైంది.

పోయిన ఉగాది సంగతే చెబుతాను. స్కూలు హాలు రాత్రి పది దాకానే మనది. దీపం వెలిగించి ప్రార్థన పాడాక సన్మానాలు మొదలయ్యాయి. ఇండియా నుంచి వచ్చిన అతిథి, ఆయనతో వచ్చిన ఇద్దరు, స్పాన్సర్లు, పాత అధ్యక్షులు, కొత్త అధ్యక్షులు, పాత అధ్యక్షులకు శాలువా కప్పినందుకు మళ్లీ కప్పినవాళ్లకు ఒక జ్ఞాపిక. గంటన్నర గడిచింది. కూచిపూడి పిల్లలు గజ్జెలు కట్టుకుని, జడలు బిగించుకుని తెర వెనక నేలమీద కూర్చుని నిద్రకు తూగుతున్నారు. చివరి మూడు అంశాలు రద్దయ్యాయి. ప్రతి శనివారం మన పిల్లలకు అఆలు దిద్దించే ఇద్దరు టీచర్లు ఆ సమయానికి వంటగదిలో పులిహోర ప్యాకెట్లు కడుతున్నారు. వాళ్లను ఎవరూ వేదిక మీదకి పిలవలేదు.

ఆ తర్వాత రాధాకృష్ణన్ జీవితం గురించి చదవడం మొదలుపెట్టాను. సెప్టెంబరు 5 దగ్గర పడుతోందని కాదు. మన భాష మనుషుల్లో ఆయన అందుకున్నన్ని సన్మానాలు అందుకున్నవాళ్లు అరుదు. వాటిని ఆయన ఎలా అందుకున్నారు, అందుకున్నాక వాటితో ఏం చేశారు అన్నది చూడాలనిపించింది.

ఆయన 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉంది. ఇంటి భాష తెలుగు. ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లి నుంచి వచ్చింది. పూర్వీకులు ఎప్పుడో ఊరు వదిలినా పేరులో ఊరిని మోసుకెళ్లారు. ఇక్కడ మన పిల్లల సర్‌నేమ్‌ను స్కూల్లో రకరకాలుగా పలుకుతుంటే నాకు ఆ సర్వేపల్లి గుర్తొస్తుంది. తండ్రి వీరాస్వామి ఒక జమీందారు దగ్గర రెవెన్యూ పనిచేసే చిన్న ఉద్యోగి. తల్లి సీతమ్మ. కలిగిన కుటుంబం కాదు. చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే సాగింది. తిరుపతిలో లూథరన్ మిషన్ బడి, వేలూరులో వూర్హీస్ కాలేజీ, ఆ తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. చదువు మధ్యలోనే శివకాముతో పెళ్లయింది.

తత్వశాస్త్రం ఆయన ఏరికోరి తీసుకున్నది కాదంటారు. ఆ కాలేజీలోనే డిగ్రీ పూర్తి చేసిన బంధువొకాయన తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చేశాడు. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేదు కాబట్టి ఆ సబ్జెక్టే తీసుకున్నారు. ఎవరో వాడిన పుస్తకాలతో మొదలైన ఆ చదువు ఆయన్ని ఆక్స్‌ఫర్డ్ దాకా తీసుకెళ్లింది. క్రిస్టియన్ కాలేజీలో మిషనరీ మాస్టార్లు హిందూ ఆలోచనలో నీతికి చోటు లేదని వాదించేవారు. ఆ మాట కుర్రాడికి గుచ్చుకుంది. కోపంతో ఊరుకోకుండా ఎం.ఏ. పరిశోధన వ్యాసానికి వేదాంతంలోని నీతినే విషయంగా తీసుకున్నారు. దాన్ని పరీక్షించిన ఎ.జి. హాగ్ కూడా మిషనరీయే. ఆయన దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. 1908లో అది అచ్చయ్యే నాటికి రచయితకు ఇరవై ఏళ్లు. నా లెక్కలో ఆయనకు దక్కిన మొదటి గౌరవం అదే. ఏ సంప్రదాయాన్ని ఆయన ఎదిరించి రాశారో ఆ సంప్రదాయంలోని గురువే, పని చదివి ఇచ్చిన మెప్పు అది. అందులో శాలువా లేదు.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. తర్వాత కొంతకాలం రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1918లో మైసూరు మహారాజా కాలేజీకి వెళ్లారు. టాగూరు తత్వం మీద ఆయన రాసిన పుస్తకం కూడా ఆ ఏడాదే వచ్చింది. మైసూరులో ఉన్నది మూడేళ్లే.

1921లో కలకత్తా విశ్వవిద్యాలయం ఐదవ జార్జి పేరుతో ఉన్న పెద్ద ప్రొఫెసర్ పదవికి ఆయన్ని పిలిచింది. మైసూరు వదిలి వెళ్లే రోజున విద్యార్థులు ఆయన కోసం గుర్రబ్బండిని పూలతో అలంకరించారు. గుర్రాలను విప్పేశారు. వాటి చోట తామే కాడి పట్టుకుని, మాస్టారిని రైల్వే స్టేషన్ దాకా లాక్కెళ్లారు. అప్పటికి ఆయన వయసు ముప్పై రెండు. పదవి లేదు, బిరుదు లేదు. పైగా ఊరు వదిలి వెళ్లిపోతున్న మనిషి. ఆయన వల్ల ఇక వాళ్లకు వచ్చే మార్కులు లేవు, సిఫార్సులు లేవు.

పెద్దన పల్లకీకి కృష్ణదేవరాయలు స్వయంగా భుజం పట్టాడని, తన చేత్తో ఆయన కాలికి గండపెండేరం తొడిగాడని మనవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. గజారోహణం, కనకాభిషేకం, పల్లకీ సేవ లాంటి మాటలు మన భాషలో ఇన్ని ఉన్నాయంటే, గౌరవించడం మనకు కొత్త కాదు. అయితే ఆ కథలన్నింటిలో గౌరవించేవాడు ఒళ్లు వంచుతాడు. మైసూరు కుర్రాళ్లూ వంచారు. మన హాళ్లలో జరుగుతున్నది వేరు. ఫ్లాష్ వెలిగే దాకా శాలువా పట్టుకుని నిలబడతాం, ఫొటో పడగానే చేయి వదిలేస్తాం.

కలకత్తా రోజుల్లోనే ‘ఇండియన్ ఫిలాసఫీ’ రెండు సంపుటాలు వచ్చాయి, 1923లో ఒకటి, 1927లో రెండోది. సన్మాన పత్రాల్లో మనం ఎప్పుడూ రాయని ఒక అధ్యాయం కూడా ఇక్కడే ఉంది. 1929లో జదునాథ్ సిన్హా అనే యువ పండితుడు, తన పరిశోధన వ్యాసంలోని భాగాలను రాధాకృష్ణన్ తన పుస్తకంలో వాడుకున్నారని కలకత్తా ‘మోడరన్ రివ్యూ’ పత్రికలో ఆరోపించాడు. కోర్టులో దావా వేశాడు. రాధాకృష్ణన్ పరువు నష్టం దావా వేశారు. 1933లో ఇద్దరూ రాజీపడ్డారు. ఈ విషయం చెబితే మనవాళ్లు కొందరు ముఖం చిట్లిస్తారు, పెద్దాయన గురించి ఇవన్నీ ఎందుకని. ఆయన కొడుకు సర్వేపల్లి గోపాల్ పేరున్న చరిత్రకారుడు. 1989లో తండ్రి జీవితం రాసినప్పుడు తండ్రి లోపాలను దాచి పెట్టలేదు. ఆ పుస్తకం వల్ల రాధాకృష్ణన్ పేరు తగ్గలేదు. మన సన్మాన పత్రాలు అతిథికి పది విశేషణాలు తగిలించి, ఆయన చేసిన పని ఒక్కటీ చెప్పకుండా ముగుస్తాయి. వాటికంటే ఆ కొడుకు రాసిందే ఎక్కువ మర్యాద అని నాకనిపిస్తుంది.

ఇక మాంచెస్టర్. ఈ పేరు ఆయన జీవితంలో రెండుసార్లు వస్తుంది, అక్కడే చాలామంది పొరబడతారు. 1926లో ఆయన ఇంగ్లండ్ వచ్చి మాంచెస్టర్ కాలేజీలో అప్టన్ ఉపన్యాసాలు ఇచ్చారు. వాటినే మనం ‘ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్’గా చదువుతాం. ఆ కాలేజీ ఉన్నది మాత్రం ఆక్స్‌ఫర్డ్‌లో. 1786లో ఈ ఊళ్లోనే పుట్టింది. ఇంగ్లండ్ చర్చికి చెందని క్రైస్తవులకు అప్పట్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో డిగ్రీ ఇచ్చేవారు కాదు. వాళ్ల కోసం పెట్టిన కాలేజీ అది. ఊళ్లు మారుతూ మారుతూ 1889లో తమను రానివ్వని ఆక్స్‌ఫర్డ్‌కే చేరి అక్కడ నిలిచింది. ఇప్పటి పేరు హారిస్ మాంచెస్టర్ కాలేజీ. మాంచెస్టర్ కాలేజీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉంటే, మాంచెస్టర్ యూనివర్సిటీ ఉన్నది ఆక్స్‌ఫర్డ్ రోడ్డు మీద. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన మన విద్యార్థులకు ఇది చెబితే నవ్వుతారు. తమకు తలుపు మూసిన చోటికే వెళ్లి నిలబడినవాళ్ల కాలేజీ ఒక వలస దేశపు హిందువుని పిలిచి మాట్లాడించడంలో ఆశ్చర్యం లేదు. 1929లో మళ్లీ అక్కడే, ఎస్ట్లిన్ కార్పెంటర్ ఖాళీ చేసిన స్థానంలో, మతాల తులనాత్మక అధ్యయనం బోధించారు. ఆ ఏడాది చివర్లోనే హిబ్బర్ట్ ఉపన్యాసాలు.

హిబ్బర్ట్ ఎవరో కూడా చెప్పాలి. ఆ ట్రస్టుకు డబ్బు పెట్టిన రాబర్ట్ హిబ్బర్ట్ మాంచెస్టర్ వస్త్ర వ్యాపారుల కుటుంబం వాడు. ఆయన సంపద జమైకా తోటల నుంచి, అక్కడ చాకిరీ చేసిన బానిసల నుంచి వచ్చింది. ఎవరి పేరు మీద ఉన్న గౌరవాన్నైనా తీసుకునే ముందు ఆ డబ్బు ఎక్కడిదో తెలుసుకోవడం మంచిదే. ఆ రోజుల్లో ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ.

దాతల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ఇద్దరి గురించి చెప్పాలి, మా కమిటీలో ఎక్కువ రగడ స్పాన్సర్ల దగ్గరే కాబట్టి. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రానికి ఒక ప్రొఫెసర్ పదవి పెట్టారు. దానికి డబ్బిచ్చింది స్పాల్డింగ్ దంపతులు. మొదటి స్పాల్డింగ్ ప్రొఫెసర్ రాధాకృష్ణన్. 1952 దాకా ఆ పదవి ఆయనదే. కుర్చీకి పేరు దాతది, కుర్చీలో కూర్చున్నది పండితుడు. ఇద్దరి గౌరవానికీ లోటు రాలేదు. అంతకుముందు వాల్తేరులోనూ ఇలాంటిదే జరిగింది. జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ ఏటేటా ఇచ్చిన పెద్ద విరాళంతో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైన్స్ కాలేజీ నిలిచింది. దానికి ఆయన పేరే పెట్టారు. అక్కడ చదివిన వేలమంది సర్టిఫికెట్ల మీద ఆ పేరుంది. మన దగ్గర గోల్డ్ స్పాన్సర్‌కు రెండు నిమిషాలు మైకు, ప్లాటినమ్ స్పాన్సర్‌కు ఐదు నిమిషాలు అని రేటు కట్టడం ఎవరు మొదలుపెట్టారో కానీ, పిల్లల తెలుగు బడికి ఒక ఏడాది హాలు అద్దె ఇచ్చిన కుటుంబం పేరు ఆ బడికే పెడితే ఆ కుటుంబమూ సంతోషిస్తుంది, మైకూ ఖాళీ అవుతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం కాలం గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. 1931లో ఆయన అక్కడ వైస్ ఛాన్సలర్ అయ్యారు. అంతకుముందు కట్టమంచి రామలింగారెడ్డి ఆ పదవిలో ఉండి, 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రాజీనామా చేశారు. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరూ చిత్తూరు వైపు వాళ్లే. ఒకరు ప్రభుత్వం మీద కోపంతో కుర్చీ వదిలారు. ఇంకొకరు 1931 జూన్‌లో అదే ప్రభుత్వం నుంచి సర్ బిరుదు అందుకున్నారు, ఆ కుర్చీలోకీ వచ్చారు. జలియన్‌వాలాబాగ్ తర్వాత టాగూరు సర్ బిరుదు వదులుకున్న సంగతి దేశమంతా ఎరుగు. ఆ టాగూరు మీద పుస్తకం రాసిన మనిషి ఈ బిరుదు తీసుకోవడం కొందరికి నచ్చలేదు. నాకూ ఈ విషయంలో ఆయన్ని పూర్తిగా వెనకేసుకు రావాలని లేదు. ఆయన చేసింది మాత్రం చూడండి. కొత్త కోర్సులు తెరిచారు. హిరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ లాంటి యువకులను ఎక్కడెక్కడి నుంచో వెతికి తెచ్చి పాఠాలు చెప్పించారు. హిరేన్ ముఖర్జీ కమ్యూనిస్టు భావాలున్నవాడు. బిరుదిచ్చిన సర్కారుకు ఎలా ఉంటుందోనని చూడలేదు. టాగూరు స్వయంగా వాల్తేరు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. 1935లో విశ్వవిద్యాలయం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుకు కళాప్రపూర్ణ ఇచ్చింది. అమృతాంజనం అమ్మిన డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన మనిషి ఆయన. సర్ బిరుదున్న వైస్ ఛాన్సలర్ హయాంలో జైలుకెళ్లి వచ్చిన దేశభక్తుడికి విశ్వవిద్యాలయ గౌరవం దక్కింది. ఎవరిని గౌరవించాలో ఎంచుకోవడంలో ఆయన లెక్క ఏమిటో ఇందులో కనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన సర్ అని రాసుకోవడం మానేశారు. డాక్టర్ అని పిలిస్తే చాలనుకున్నారు. ఇందులో ఒక చిన్న విశేషముంది. ఆయన పరీక్ష రాసి సంపాదించింది ఎం.ఏ. మాత్రమే. డాక్టరేట్లన్నీ విశ్వవిద్యాలయాలు గౌరవంగా ఇచ్చినవే. అయితే అవి ఆయన పుస్తకాలు చదివిన విశ్వవిద్యాలయాలు. ఈ మధ్య మన సభల్లో డాక్టర్లు ఎక్కువయ్యారు. ఏ దేశంలో ఉందో గూగుల్‌కు కూడా దొరకని విశ్వవిద్యాలయం హోటల్ హాల్లో గౌను తొడిగి ఇచ్చిన డాక్టరేట్‌ను మైకులో గట్టిగా చదవాల్సి వస్తోంది. మన హాల్లో నిజంగా రాత్రీ పగలూ ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లో డ్యూటీ చేసే డాక్టర్లు వెనక వరసలో కూర్చుని ఉంటారు. ఇక మీదట ఆహ్వాన పత్రికలో బిరుదు వేయాలంటే ఇచ్చినవాళ్ల పేరు, సంవత్సరం అడగాలని నేను కమిటీలో ప్రతిపాదించాను. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. ఆ నిబంధన మాత్రం నిలిచింది.

1939లో మాలవ్యా తర్వాత కాశీ హిందూ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి రాజ్యాంగ సభలో మాట్లాడినవారిలో ఆయన ఒకరు. 1948లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షత వహించారు. 1949లో నెహ్రూ ఆయన్ని మాస్కోకు రాయబారిగా పంపారు. వేదాంతం చెప్పే మాస్టారికి స్టాలిన్ దగ్గర ఏం పని అని చాలామంది అనుకున్నారు.

మర్యాదల గురించి రాస్తున్నాను కాబట్టి ఇక్కడ ఆగుతాను. 1952 ఏప్రిల్‌లో మాస్కో వదిలి వచ్చే ముందు స్టాలిన్‌ను కలిసినప్పుడు ఆయన స్టాలిన్ చెంప మీద, వీపు మీద ఆప్యాయంగా తట్టారు. ఆ గదిలో అలాంటి పని చేసిన మనిషి అంతకుముందు లేడు. తనను రాక్షసుడిలా కాకుండా మనిషిలా చూసిన మొదటివాడు ఆయనేనని స్టాలిన్ చలించిపోయాడంటారు. 1957లో చైనా వెళ్లినప్పుడు మావో చెంప కూడా అలాగే తట్టారని, మావో ఉలిక్కిపడితే చిరునవ్వుతో సర్దిచెప్పారని చెబుతారు. రాజనీతి పుస్తకాల ప్రకారం రెండూ తప్పే. మన ఇళ్లలో తాతయ్యలు వచ్చిన అతిథి ఎవరైనా సరే భుజం మీద చేయి వేసి పలకరించే పద్ధతి అది. ఆ చేయి పెద్ద నాయకుడి ముందు వణకలేదు, చిన్నవాడి ముందు బిగుసుకోలేదు. ఎదురుగా ఉన్నది పదవి కాదు, మనిషి అనుకున్నవాడికే అది చేతనవుతుంది.

1952లో ఉపరాష్ట్రపతి అయ్యారు. పదేళ్లు రాజ్యసభను నడిపారు. 1954లో మొదటిసారి భారతరత్న ఇచ్చినప్పుడు రాజాజీ, సి.వి. రామన్‌తో పాటు ఆయనా ఉన్నారు. 1956లో శివకాము కన్నుమూశారు. ఆయన పేరు దేశదేశాల్లో మోగినన్నాళ్లూ ఐదుగురు కూతుళ్లను, ఒక కొడుకును పెంచి ఇల్లు నడిపింది ఆవిడే. ఆవిడ పేరు మీద ఏ వేదికా లేదు. మన సంఘాల్లో అధ్యక్షుల భార్యలు వంటగదిలో ఉండటం కొత్త సంప్రదాయమేం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. పాతదైనంత మాత్రాన మంచిదనీ కాదు.

1962 మే 13న ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఆ ఏడాది పుట్టినరోజు ఘనంగా చేస్తామని పాత శిష్యులు, మిత్రులు అడిగారు. దాన్ని తన పేరుతో కాకుండా ఉపాధ్యాయుల దినోత్సవంగా జరిపితే సంతోషిస్తానని ఆయన చెప్పారు. ఈ కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ రోజు స్కూల్లో మనమే టీచర్లమై చీరలు, పంచెలు కట్టుకుని పాఠాలు చెప్పాం. అందరికీ తెలిసిన కథ కాబట్టి దాని బరువు మనకు తెలియకుండా పోయింది. తన మీదకి వస్తున్న దండను ఆయన వద్దనలేదు. వద్దంటే ఇచ్చేవాళ్లు చిన్నబోతారు. అందుకుని, పల్లెటూరి బడిలో నల్లబల్ల ముందు నిలబడి గొంతు ఎండిపోతున్న మనిషి మెడలోకి మళ్లించారు. ఏటా అది అక్కడే పడుతోంది.

మరుసటి ఏడాది, 1963 జూన్‌లో, రాష్ట్రపతి హోదాలో బ్రిటన్ వచ్చారు. రాణి ఎలిజబెత్ ఆయనకు ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో గౌరవ సభ్యత్వం ఇచ్చారు. ఒకప్పుడు ఐదవ జార్జి ఇచ్చిన సర్ బిరుదు పక్కన పెట్టిన మనిషి, ఆ రాజు మనవరాలి చేతి నుంచి స్వతంత్ర దేశపు అధినేతగా ఈ గౌరవం తీసుకున్నారు. రెండూ ఒకే రాజ కుటుంబం ఇచ్చినవే అయినా, ఆయన నిలబడిన చోటు మారింది. ఇక్కడ పౌరసత్వం తీసుకుని, ఎంబీఈ వస్తే తీసుకోవాలా వద్దా అని ఆలోచించే మన తరానికి ఈ తేడా అర్థమవుతుంది.

గౌరవాలు మనిషి నోరు కట్టేస్తాయంటారు. 1967 జనవరిలో, రాష్ట్రపతిగా చివరి గణతంత్ర దినోత్సవం ముందు రోజు ప్రసంగంలో, దేశంలో అసమర్థత పెరిగిందని, వనరులు వృథా అవుతున్నాయని ఆయన ప్రభుత్వాన్ని సూటిగా విమర్శించారు. అధికారంలో ఉన్నవాళ్లకు అది నచ్చలేదు. మే 13న పదవి ముగించుకుని మద్రాసులో తన ఇంటికి వెళ్లిపోయారు. ఆ ఇల్లున్న ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డును ఇప్పుడు డాక్టర్ రాధాకృష్ణన్ సాలై అంటారు.

చివరి రోజుల్లో ఆరోగ్యం దెబ్బతింది. 1975లో టెంపుల్టన్ బహుమతి ఆయనకు ప్రకటించారు. క్రైస్తవుడు కాని వ్యక్తికి ఆ బహుమతి రావడం అదే మొదలు. వచ్చిన డబ్బు మొత్తం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఆ ఏడాది ఏప్రిల్ 17న కన్నుమూశారు.

ఈ సెప్టెంబరులో మా తెలుగు బడి మళ్లీ తెరవాలి. ఇద్దరు టీచర్లలో ఒకావిడ భర్తకు లీడ్స్‌లో ఉద్యోగం రావడంతో ఊరు వదులుతున్నారు. రెండో ఆవిడ ఒక్కరే రెండు తరగతులు చూడలేనన్నారు. మూడేళ్ల క్రితం ముప్పైమంది పిల్లలుండేవారు, వేసవి సెలవుల ముందు పదకొండు మంది మిగిలారు. మూసేద్దామన్న మాట కూడా కమిటీలో వచ్చింది. కొత్త టీచర్ దొరుకుతారో లేదో ఇంకా తెలియదు. ఇద్దరు అమ్మలు వచ్చి చూస్తామన్నారు, అంతే.

సెప్టెంబరు 5 తర్వాత వచ్చే మొదటి శనివారం బడి గదిలోనే కార్యక్రమం పెట్టాం. ముఖ్య అతిథి లేరు. వేదిక లేదు, కుర్చీలు గుండ్రంగా వేస్తాం. లీడ్స్ వెళ్లిపోతున్న టీచర్ గురించి సన్మాన పత్రం ఆవిడ దగ్గర నాలుగేళ్లు చదువుకున్న ఒక పాప తన చేత్తో తెలుగులో రాస్తోంది. మొదటి చిత్తుప్రతి నాకు వాట్సాప్‌లో పంపింది. ‘ళ’ బదులు ‘ల’ రాసిన చోట్లు ఐదున్నాయి. కమిటీలో ఒకరు దిద్ది టైప్ చేయిద్దామన్నారు. అక్కర్లేదు, అలాగే చదవనివ్వండి, ఆ తప్పులు దిద్దేది టీచరే కదా అని చెప్పాను.